అంచు ముక్కలు

ఒంగోలు సూపర్ మార్కెట్లో
గడువు తీరడానికి ఐదు రోజులే ఉందని
సగం ధరకిచ్చిన కేకు పిండి పెట్టె
మా ఇంట్లో నాలుగు రోజులు
ఫ్రిజ్ మీద చుట్టంలా కూర్చుంది.

పెట్టె మీద ఫోటోలో గుండ్రటి కేకు లేదు,
పలకలు పలకలుగా కోసిన తీపి,
పైన తేనెరంగు పెంకు.
"నాన్నా, వీటిని బార్లంటారు" అంది షాహిదా.
"చీమకుర్తిలో బారంటే వేరే" అన్నాను.
హుసేనమ్మ నవ్వలేదు.

ఐదో రోజు ఆదివారం.
క్వారీకి సెలవు, కరెంటుకూ సెలవే.
షాహిదా పెట్టె వెనక రాసింది చదువుతోంది
అరబ్బీ పాఠం అప్పజెప్పినట్టు, ఆగకుండా.
ఓవెన్ నూట ఎనభై డిగ్రీలట.
"మన పొయ్యికి డిగ్రీలు యాడుండాయి మే,
సన్నమంటా, పెద్దమంటా, అంతే గదా"
అంటూ వాళ్ళమ్మ
పాత డేగిశా అడుగున గుండ్లకమ్మ ఇసుక పోసింది.
గోడ ప్లాస్టరింగుకి తెచ్చిన ఇసుక.
గోడ ఇంకా సగమే అయింది, అది వేరే సంగతి.

పిండిలో ఒక్క గుడ్డు, కరిగిన వెన్న.
నీళ్ళు పొయ్యమని పెట్టె చెప్పినా పొయ్యలేదు.
జారితే కేకు, బిగిస్తే బిళ్ళ, అంది.
బిస్కెట్ డబ్బా రేకు మూతలో వేసి
అరిసెలు తట్టినట్టు అరచేత్తో అదిమి
ఇసుక మీద దించి, పైన సిబ్బి మూసి
దాని మీద రోటి పొత్రం ఎక్కించింది.

ఇక పాకం.
మొదటిది మాడింది. ఆ వాసనకి
పక్క గదిలో ఉండే ఒడిశా కుర్రాడు బిజయ్
ఏదో అంటుకుందని బకెట్ నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు.
రెండోసారి తను గరిటె ఎవరికీ ఇవ్వలేదు.
చక్కెర కరిగి, ఎర్రమట్టి రంగు తిరిగి,
వెన్న పడగానే బుస్సుమని లేచి
తీగ దాటింది, ఉండ దాటింది.
పళ్ళెంలో నీళ్ళు. నీళ్ళలో ఒక చుక్క.
గట్టిపడిన చుక్కను తీసి
స్టీలు గ్లాసుకేసి కొట్టింది.

ఠంగ్.

ఆ చప్పుడు నాకు తెలుసు.
పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే
సుత్తితో నేనడిగే మాటకు
రాయి చెప్పే జవాబు అది.
నెర్ర లేని బండ ఠంగ్ అంటుంది.
లోపల పగులున్నది డొల్లగా పలుకుతుంది,
పైకి ఎంత నల్లగా నిగనిగలాడినా,
బంగారు చుక్కలు ఎన్ని మెరిసినా.
ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో
చెవితో బతికేది నేనొక్కణ్ణే అనుకున్నాను.

పాకాన్ని వేడి బిళ్ళ మీద పరిచి
వేయించిన వేరుశెనగ పలుకులు చల్లి
గెలాక్సీ గట్టు మీద పెట్టింది.
పాలిష్ పట్టాక మూల విరిగిందని
మేస్త్రీ నాకొదిలేసిన రాయి అది.
ఏ దేశంలోనో ఎవరింటికో పోవాల్సింది,
మూల విరిగి మా వంటింట్లో ఆగింది.

"కొయ్యి, నీ పనే గదా.
ఆరిపోయిందంటే పగులుద్ది."
కత్తి పట్టుకున్నాను. చెయ్యాడలేదు.
ఇరవై టన్నుల బండ దగ్గర వణకని చెయ్యి.
షాహిదాని స్కేలు అడిగాను.
ముగ్గురూ పడీపడీ నవ్వారు.

నాలుగు వైపులా చెక్కేసి
లోపల పన్నెండు. ఒకే కొలత.
అంచుల్ని కత్తితో పక్కకు తోశాను, అలవాటు.
మా దగ్గర కొండంత తవ్వితే
ఓడెక్కేది పిడికెడు.
మిగతాదంతా ఊరి చుట్టూ గుట్టలు,
మేకలు కూడా ఎక్కవు.

తలెత్తేసరికి
పళ్ళెంలో పన్నెండూ పన్నెండే ఉన్నాయి.
అంచులు లేవు.
బిజయ్ దవడలు కటకటమంటున్నాయి.
షాహిదా వేళ్ళు విడిపోవడం లేదు.
హుసేనమ్మ చివరి అంచు విరిచి
సగం నా నోట్లో పెట్టింది.
"మాడీ మాడకుండా ఉండేది ఈడే."

నిజమే.

పన్నెండూ ఎవరెవరికి ఇవ్వాలో
రాత్రి దాకా లెక్కలేశాం.
సూపర్‌వైజర్‌కి ఒకటి, అన్నాను.
కాసేపు ఆలోచించి అంది:
"డొల్లగా పలికేదేమన్నా ఉందేమో
కొట్టి చూడు."