లోపల వదిలిన గుడ్డ

కంచరపాలెం మెట్టు దగ్గర నా కుట్టుషాపు.
ఈ మధ్య షట్టరు సగం దించే ఉంటోంది.
ఇరవై రెండేళ్ళు ఆడవాళ్ళ ఛాతీ చుట్టూ
టేపు తిప్పినదాన్ని,
"ముప్ఫై నాలుగున్నర, ఊపిరి వదులమ్మా" అని.
నా కొలత నేను తీసుకోలేక
టేపు చుట్టి సొరుగులో పడేశాను.

ఎడమవైపు ఇప్పుడు కుట్టు మాత్రమే ఉంది.
డాక్టరమ్మది మంచి చెయ్యి,
ఒక్క పోగూ వంకర పోలేదు.
పనిమంతురాలిగా మెచ్చుకున్నాను.
ఆవిడ నవ్వింది.
నేను బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మూడు వారాలకోసారి అగనంపూడి ఆసుపత్రి.
పక్క కుర్చీలో భీమిలి నుంచొచ్చే తాత, వలలు అల్లేవాడు.
"ఎన్నోదమ్మా?"
"మూడోది. మీది?"
"అయిదు."
ఒకే స్టాపులో వేరువేరు బస్సుల కోసం
నిలబడ్డట్టు మాట్లాడుకుంటాం.
దానిమ్మరసం రంగు మందు
చుక్క చుక్కగా నా చేతిలోకి దిగుతుంది.

మా ఆయన గౌరీశు, పోర్టులో కలాసీ.
గోళ్ళలోంచి ఇనుపరాయి దుమ్ము ఏ రోజూ పోని మనిషి
మాత్రల రంగులు కంఠతా పట్టాడు.
"పసుపుది అన్నానికి ముందు, తెల్లది వాంతికి ముందు."
ముందంటే ఎప్పుడో
ఆ వాంతికే తెలియాలి.

జుట్టు రాలిపోయాక
రేషన్ షాపులో ఎవరో అడిగారు,
"సింహాద్రప్పన్నకి మొక్కేటమ్మా?"
"ఆ, నేనెల్లకుండానే తీసేసుకున్నాడు" అన్నాను.
క్యూ అంతా నవ్వింది. నేనూ.

నూకరత్నం హార్బర్లో చేపలమ్ముతుంది.
మందు మొదలయ్యాక నాకు నీచువాసన పడదని
బుట్ట దించి, నిమ్మచెక్కతో చేతులు తోముకుని,
రెండుసార్లు నీళ్ళోసుకుని వచ్చి
గుమ్మంలో ఆగుతుంది.
"వాసనొస్తందేటే?"
వస్తుంది.
"లేదే, రా" అంటాను.
తనేమో నా మొహం చూసి "రంగు తిరిగావు" అంటుంది.
ఇద్దరి అబద్ధాలూ సరిపోతాయి.

నాలుగో విడత తర్వాత ఒక రాత్రి
ఇంక వద్దన్నాను.
నోరంతా పూత. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి
సూది గుచ్చుకున్నా తెలియట్లేదు.
కుట్టుపనిదానికి వేళ్ళు పోయాక
మిగిలేదేటని అడిగాను.
గౌరీశు మారు మాట్లాడలేదు.
డాబా మీదికెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు.
రేవులో ఓడ ఏదో కూసింది.
కిందికొచ్చి, సొరుగు లాగి,
టేపు నా ఒళ్ళో పెట్టి
"చొక్కా వదులైపోయింది, కొలత తియ్యి" అన్నాడు.

తీశాను.
రెండంగుళాలు తగ్గాడు.
మందు ఎక్కేది నాకు కదా,
ఈయనెందుకు తగ్గాడు?
అడగలేదు. టేపు మాత్రం
ఇంకో రెండుసార్లు తిప్పాను, తప్పు చూశానేమోనని.

మర్నాడు షట్టరు పూర్తిగా ఎత్తాను.
సూదిలో దారం భువన ఎక్కించింది.
అతని చొక్కాలు మూడు, నా జాకెట్లు అయిదు
పక్కలు బిగించాలి.
మిగిలే గుడ్డ చూసి ఆ పిల్ల కత్తెర అందించింది.
"కోసేద్దామక్కా, లోపల గరగరలాడతాది."

కత్తెర పట్టుకున్నాను.
ఎదిగే పిల్లలకి గౌన్లు కుట్టించే తల్లులు
ఇదే గుమ్మంలో నిలబడి చెప్పే మాట గుర్తొచ్చింది:
లోపల రెండంగుళాలు వదులు,
ఒళ్ళు చేస్తే విప్పుకుంటాం.

ధైర్యంగా ఉండమని వీధంతా చెప్పింది.
ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.
నేను కోయలేదు. లోపలికి మడిచి
పొడుగు టాకాలేశాను,
లాగితే ఊడొచ్చేట్టు.

వచ్చే సోమవారం అయిదోది.
జూన్‌లో బడి యూనిఫారాలు నలభై జతలు
ఒప్పుకుని అడ్వాన్సు తీసేసుకున్నాను.
సగం డబ్బు ఆటోలకే అయిపోయింది,
ఇంక కుట్టక తప్పదు.

చంకల కింద మడత గీరుకుంటోందని
గౌరీశు పొద్దున్నించీ ఒకటే గోల.
ఉండనీ అన్నాను.