ఒక్క పెట్టె, ఒక్క గంట

రాత్రి పదకొండున్నర. ఉండి రోడ్డు రొయ్యల ఫ్యాక్టరీలో
ఐసు గది పక్కనే సర్వర్ గది, రెండింటికీ ఒకటే వణుకు.
కాకినాడ రేవులో కంటైనర్ ఆగింది.
దాన్ని కదిలించే కాగితం దీవెనమ్మ మెయిల్లో ఉంది.
దీవెనమ్మ పురిటి మంచం మీద ఉంది.

"అడ్మినువి నువ్వే కదా, తెరువు" అంటారు సూరపరాజు గారు.
తెరిచాను. అనుమతి లేదు.
సర్వీసు ఆపి మళ్లీ లేపాను. అనుమతి లేదు.
పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం, పీత నడకలా కొట్టాను.
లేదు.

ఊరంతా నా పెత్తనమే, ఒక్క గడప తప్ప.

హక్కుల పట్టీ కిందికంటా చదివితే కనిపించింది:
అడ్మిన్లందరికీ, పేరు పెట్టి మరీ, నిరాకరణ.
వంద అనుమతులున్నా ఆ ఒక్క "కాదు" ముందు నిలవవు.
నాకు ముందు పనిచేసిన కామేశం పెట్టాడట.
పక్కనే చిన్న రాత:
తాళాలున్నవాడు ఉత్తరాలు చదవకూడదు.

మా నాన్న లాకుల మీద లస్కరు.
చక్రం తిప్పే చెయ్యి ఆయనది,
నీరు ఎవరి చేలోకన్న మాట ఆయనది కాదు.
ఓ వేసవి, వంతు తప్పించి తూము ఎత్తమని
ఎవరో అరుగు మీద ధాన్యం బస్తా దించి వెళ్లారు.
దాన్ని ఎలకలే తిన్నాయి.

ఆ గీత నేను చెరపలేదు.
దీవెనమ్మకి ఫోన్ చేశాను. పసిదాని ఏడుపు మధ్య
"తీసుకో, ఆ ఒక్కటే" అంది.
కొత్త ఖాతా, ఒక్క పెట్టె, ఒక్క గంట.
కాగితం వెళ్లింది. ఖాతా తుడిచేశాను.

అయినా, ఆ కాగితం కిందే కనబడింది ఇంకో ఉత్తరం తల:
"జీతం గురించి, ఆరోసారి."
తెరవలేదు.
తెరవనట్టే రేపు రాజుగారి ముందు నిలబడాలి.