తాళం పడిన వరుస

వీగో రేవులో తెల్లవారుజాము నాలుగు.
చేపల వేలం ఆగిపోయింది.
సీపీయూ చల్లగానే ఉంది, డిస్కు తీరిగ్గానే ఉంది,
ఇండెక్సుల తప్పేం లేదు.
అయినా రెండువందల పద్నాలుగు సెషన్లు
ఒకదాని వెనక ఒకటి, నోరెత్తకుండా నిలబడ్డాయి.
కింద హాల్లో ఐసు కరుగుతోంది,
కొనేవాళ్లు తిట్లకు దిగారు.

ఎవరు ఎవరికోసం ఆగారో చూపే పట్టిక తెరిచింది ఇరియా.
తీగ లాగితే డొంకంతా కదిలి
ఒక్క సెషన్ దగ్గర తేలింది:
రేవు గుమస్తా బ్రైస్. రాత్రి పదింటికి తెరిచాడు.
ఒక్క పడవ, ఒక్క వరుస.
పడవల జాబితా మొత్తం దాని వెనకే.
'సముద్రంలో ఉంది' కొట్టేసి
'మునిగింది' అని రాశాడు.
కమిట్ మాత్రం నొక్కలేదు.
ఆరు గంటలుగా
ఏ పనీ చెయ్యడు, తాళమూ వదలడు.

ఫోన్ చేసింది. మోగింది, మోగింది.
అది వాళ్ల తమ్ముడి పడవని
మెట్ల దగ్గర ఎవరో అన్నారు.

ఇంక ఆగడానికి లేదు. సెషన్‌ని చంపింది.
చంపడమనే అంటారు ఈ పనిని,
ఆ పేరు ఆమె పెట్టలేదు.

కింద గంట మోగింది. హేక్ పెట్టెలు, ఆక్టోపస్ పెట్టెలు,
ధరలు పాకాయి, గ్రాఫు నేలకి దిగింది.

కమిట్ కానిది వెనక్కి పోతుంది కదా.
ఆ వరుస మళ్లీ చదివింది ఇరియా:
సముద్రంలో ఉంది.