మూడు గంటల కొళాయి

పగలు నా పని మనుషుల్ని నిద్రపుచ్చడం.
అబర్డీన్ ఆసుపత్రిలో, ఆపరేషన్ గది గుమ్మానికి ఇవతల
మాస్కు పట్టుకుని చెప్తాను:
"మీకు నచ్చిన చోటొకటి తలుచుకోండి,
పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి."
ఏడు దాటినవాళ్లని ఇంతవరకు చూడలేదు.

రాత్రి అదే నాకు నేను చెప్పుకుంటాను.
సున్నా దాటి
మైనస్ నలభైలోకి దిగిపోతాను.
నచ్చిన చోటు మాత్రం దొరకదు.

కల ఒకటే. నలభై మూడేళ్ల మనిషికి రావలసింది కాదు.
తీగల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు,
వరసలు వరసలు, గాలి లేదు.
ఒక్కో దుప్పటి కింద ఒక్కో జత పాదాలు.
ఎవరివో తెలీదు, కదలవు.
లెక్కపెట్టాలి. ఎందుకని అడగను, కలలో ఎవరు అడుగుతారు?
చివరి జతలో ఎడమ బొటనవేలి గోరు చీలి ఉంటుంది,
నాకు లాగే.

అక్కడ అరుస్తాను.
ఆ అరుపు నాకంటే ముందు శశిధర్‌ని లేపుతుంది.
మొదటి ఏడు మంచినీళ్లు తెచ్చాడు.
రెండో ఏడు వీపు నిమిరాడు, కళ్లు తెరవకుండానే.
ఇప్పుడు దిండు చంకన పెట్టుకుని ముందుగదిలోకి పోతున్నాడు.
కోపం కాదు, ఆరింటికి బస్సు తియ్యాలి.
అర్థమవుతుంది.
అర్థమైనంత మాత్రాన మంచం ఇరుకు కాదు.

కాళ్లు కడుక్కుని పడుకున్నాను.
దిండు కింద కత్తెర పెట్టాను, గలీబు చిరిగింది.
రాత్రిపూట చీజ్ తినొద్దని ఇక్కడివాళ్లంటే మానేశాను.
చివరికి అమ్మమ్మ మాటొకటి మిగిలింది:
పీడకలని మనిషికి చెప్పకు, పారే నీటికి చెప్పు.
ఇక్కడ పారేది డీ నది.
మూడింటికి దానిదాకా ఎవరు పోతారు?
వంటింట్లో కొళాయి తిప్పి
సింకు మీదకి వంగి చెప్తున్నాను, గుసగుసగా.
జూన్‌లో ఆ వేళకే కిటికీ బూడిదరంగుకి తిరుగుతుంది.
పొగగొట్టాల మీద సముద్రపు కాకులు కొట్లాడుకుంటాయి.
నీళ్లు వింటాయో లేదో,
వేళ్లు మాత్రం చల్లబడతాయి.

మోరాగ్ అని, నా నిద్ర డాక్టరమ్మ,
ఒక కాగితం ఇచ్చింది.
"కల రాయి. ఒక్కటి మార్చు, ఏదైనా సరే.
రోజూ పగటిపూట చదువుకో."
ఇంగ్లీషులో రాస్తే ఆసుపత్రి రిపోర్టులా వచ్చింది:
దుప్పట్లు, ఇరవై రెండు. పాదాలు, నలభై నాలుగు.
తెలుగులో మొదలుపెడితే చెయ్యి వణికింది.
అప్పుడు తెలిసింది అది ఏ భాషలో వస్తోందో.

ముందు గాలిని రాశాను. వీచలేదు.
పిల్లిని రాశాను.
అదీ వెళ్లి ఓ దుప్పటి వెనక నిలబడింది.

బిన్లు బయటపెట్టే రోజు, మెట్ల దగ్గర
కింద ఇంటి గెడిస్ గారు ఆగారు.
చేపల పడవల మీద ముప్పై ఏళ్లు చేసిన మనిషి, మాట పొదుపు.
"మూడింటికి ఆ కొళాయి మీదేనా?"
క్షమించమన్నాను. పైపులు పాతవన్నాను.
"ఆపకండి," అన్నారు.
"నాకొక పడవ వస్తుంది. అందులో ఉండాల్సినవాళ్లు ఉండరు.
లేచి కూర్చుంటాను. పైన నీళ్ల చప్పుడైతే
ఇంకెవరో మేలుకునే ఉన్నారనుకుని కెటిల్ పెడతాను."
అంతే. బిన్ను లాక్కుంటూ వెళ్లిపోయారు.
పాంటు కింద నీలం ఉన్ని మేజోళ్లు,
మడమ దగ్గర ఎవరో ఓపిగ్గా రఫ్ చేసినవి.

ఆ సాయంత్రం కాగితం తీసి
నలభై నాలుగు పాదాలకీ మేజోళ్లు తొడిగాను.
ఎర్రవి, గళ్లవి, జత కుదరనివి.
నాకు మాత్రం ఆయన నీలం.

కల పోయిందని చెప్పను.
మొన్న మంగళవారం కూడా వచ్చింది.
ఉత్త పాదాలే, ఎప్పటిలాగే, వరసగా.
చివరి జత దగ్గర మాత్రం
ఒక మేజోడు, ఒంటి కాలికి, సగం జారిపోయి.
ఎవరో నవ్వారు. నేనే కాబోలు.

లేచాను. మూడూ పది.
చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయినా కొళాయి తిప్పాను.
నేల అడుగునుంచి కెటిల్ బుసబుసలు.
ఆయన టీలో పాలు పోసుకుంటారో లేదో
ఎప్పుడైనా అడగాలి.