పద్నాలుగో సొరుగు

రాసుకోండి.
నాది మార్చురీలో రాత్రి డ్యూటీ.
నాలుగు డిగ్రీలు దాటితే గంట మోగుతుంది.
దాన్ని నొక్కి ఆపడం, పుస్తకంలో గీత గీయడం,
పదకొండేళ్లుగా నాకొచ్చిన విద్య అంతే.

ఆ సోమవారం ఒకే ఇంటి నుంచి రెండు శవాలు.
రేవు మూడో గేటు దగ్గర ఎదురెదురుగా పడ్డారట:
మనోస్ యూనిఫాంలో, స్ట్రాటిస్ సమ్మె బ్యాడ్జీతో.
కడుగుతుంటే చూశాను,
ఇద్దరికీ ఎడమకాలి చిటికెన వేలు ఒకే వంకర.

మనోస్‌కి జెండా కప్పారు. బ్యాండు వాయించారు.
ఉడికించిన గోధుమలు దానిమ్మ గింజలు కలిపి
ఊరంతా పంచారు, నేనూ తిన్నాను.
స్ట్రాటిస్‌కి ఒక కాగితం వచ్చింది:
పూడ్చరాదు. అప్పగించరాదు. ఏడవరాదు.
కింద ఆకుపచ్చ సిరాతో గవర్నర్ థియోహారిస్ సంతకం.
ఆ పిల్లలకి సొంత మేనమామ.

బుధవారం రాత్రి అక్క వచ్చింది, ఆర్గిరో.
చెల్లెలు డెస్పినా మెట్ల దగ్గరే నిలబడిపోయింది.
నేను తలుపు వేయడం మరిచాను.
మరిచానని రాసుకోండి.
ఆమె కోటు జేబులోంచి పిడికెడు కొండమట్టి తీసి
తమ్ముడి ఛాతీ మీద చల్లింది.
ఎర్రమట్టి, మధ్యలో వాము వాసనేసే ఏదో వేరు.

తెల్లారి ఊడ్చాను, శుభ్రత నా బాధ్యత కదా.
ఊడ్చిన మట్టిని చెత్తబుట్టలో వేయలేకపోయాను.
కాఫీ డబ్బాలో దాచాను.
మళ్లీ వచ్చింది. మళ్లీ ఊడ్చాను.
మూడో రాత్రికి గోడమీద కెమెరా పెట్టారు.

విచారణలో నేను వెనక బెంచీలో ఉన్నాను.
"తలుపు ఎవరు తీశారు?" అన్నాడాయన.
"తీసే ఉంది" అంది, నా వైపు చూడకుండా.
తర్వాత మెల్లగా,
"మామయ్యా, అమ్మ గోతిలో మొదటి పిడికెడు నువ్వే వేశావు.
ఆ రోజు నీ చేతికి
ఉత్తర్వు ఎవరిచ్చారు?"

గుమాస్తా కలం ఆగింది.
ఆయన నీళ్లు తాగాడు. గ్లాసు పెడుతుంటే చప్పుడైంది.
నేను లేచి మాట్లాడాల్సింది.
బూటు లేసు కట్టుకున్నాను.

ఎదుటి దీవిలో పాత ఉప్పుగిడ్డంగి, కిటికీ లేదు.
విడుదల ఆజ్ఞ పట్టుకుని ఆయన కొడుకు ఇలియాస్
తుఫానులోనే పడవ ఎక్కాడు.
నాలుగు గంటలు ఆలస్యం.
ఆమె తన తలగుడ్డతోనే ముగించుకుంది.
ఆ పిల్లాడు ఒడ్డుకి తిరిగి రావాలనుకోలేదు.

పదిహేనో సొరుగు అతనిది.

రాత్రి రెండింటికి గవర్నర్ వచ్చాడు, ఒంటరిగా,
కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని.
సొరుగు లాగి అలా నిలబడ్డాడు.
చలి బయటికి పోయి గంట మోగింది. నేను ఆపలేదు.
ఆ మోతలోనే అడిగాడు: "మట్టి ఉందా?"
కాఫీ డబ్బా ఇచ్చాను.
మూత బిగుసుకుపోయింది, ఆయన వేళ్లకి రాలేదు.
నేను సాయం చేయలేదు.
అదీ రాసుకోండి.

పద్నాలుగు సంగతి మీరు అడగలేదు.
స్ట్రాటిస్ ఇంకా అక్కడే ఉన్నాడు.
ఆ కాగితం రద్దు చేస్తూ
ఇంకో కాగితం రావాలట.