అక్టోబరు మంచు

డిసెంబరు మూడు. ఉత్తరం వాలు.
ఎత్తు రెండువేల నాలుగువందల మీటర్లు.
నిన్నటిదాకా పడమటి గాలి, ఇవాళ లేదు.
ఇంతవరకు రాసి
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
పార అందుకున్నాను.

మీటరుకి జానెడు తక్కువ.
"ఇంతేనా?" అన్నాడు ఆండ్రిన్.
ఇంతే. రాళ్ళ తలలు ఇంకా కనబడుతున్నాయి,
గడ్డి కొసలు కూడా.
అందుకే ఎంగడీన్ లోయలో సగంమంది
చలికాలం ఇంకా రాలేదనుకుంటున్నారు.

గుంట గోడని అరచేత్తో నునుపు చేసి
పై నుంచి కిందికి వేలితో చదివాను.
మొన్న రాత్రి పడ్డది, దూది.
దాని కింద గాలి తోసుకొచ్చి దిమ్మిస కొట్టినది,
నాలుగు వేళ్ళు దిగవు, ఒక్కటి దిగుతుంది.
అన్నిటికీ అడుగున, నేలనానుకుని,
అక్టోబరులో పడి
ఎండ మొహం చూడక మిగిలిపోయినది.

ఆరు వారాలు మబ్బులేని రాత్రులు.
కింద నేల వెచ్చన, పైన ఆకాశం చల్లన.
నడుమ ఆ పలచని పొర
తన తడిని తానే పైకి ఊదుకుంటూ ఊదుకుంటూ
రేణువు రేణువుని పట్టుకోవడం మరిచిపోయింది.
పిడికెడు తీసి అతని గ్లౌజులో పోశాను.
ముద్ద చెయ్యమన్నాను.
పంచదారలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

నివురు గప్పిన నిప్పంటారు.
ఇది మంచు గప్పిన మంచు,
ఊది చూసినా తెలియదు.

దిమ్మె కోసి, నెత్తిన పార పెట్టి తట్టాలి.
మణికట్టు నుంచి పది దెబ్బలు,
మోచేతి నుంచి పది,
భుజం నుంచి పది. అదీ లెక్క.
ఒకటి.
రెండు.
మూడోదానికి చెయ్యెత్తేసరికి
దిమ్మె నా ఒళ్ళో ఉంది,
సొరుగు లాగినట్టు, నేరుగా.

"ఒక్క మాటలో చెప్పు మెంగియా, దిగొచ్చా, లేదా?"
పైన గట్టు మీద ఫ్లూరిన్, సెరైనా ఎదురుచూస్తున్నారు.
కొత్త స్కీలు. మైనం వాసన ఇక్కడిదాకా వస్తోంది.
ఒక్క మాటలో అయ్యేదైతే
ఈ పార ఎందుకు మోస్తాను?

వచ్చిన దారినే తిరిగాం.
చదునైన బయల్లో, ఏ ప్రమాదమూ లేనిచోట,
నేల ఒక్కసారి గుటక వేసింది.
నా స్కీ ముక్కు నుంచి దూరాన పొద దాకా
వెంట్రుక మందాన ఒక చీలిక.
ఫ్లూరిన్ నవ్వబోయి మానేశాడు.
పసుపుపచ్చ పోస్టు బస్సులో
ఎవరి కిటికీ వాళ్ళం చూసుకున్నాం.

ఆ వాలు జారలేదు.
డిసెంబరులో జారలేదు, ఫిబ్రవరిలో జారలేదు.
జనవరి ఇరవైన ఎవరో దాని మీద
అందమైన వంకరలు గీసి దిగారు.
ఆండ్రిన్ ఫోటో పంపాడు, కింద ఒక్క మాట:
"చూశావా."
చూశాను.
వెళ్ళనిదానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు?
పుస్తకంలో చివరి గడి
ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మే నెలలో ఒంటరిగా వెళ్ళాను, స్కీలు లేకుండా.
దూది పోయింది, దిమ్మె పోయింది,
రాతి నీడలో చాపంత మేర
అడుగుదే మిగిలింది, మసి పట్టి, నీళ్ళు కారుతూ.
గ్లౌజు తీసి పిడికెడు నొక్కాను.
ముద్ద అయింది.