శనివారం బాకీ

అటా బేగ్‌కి నేను అరవై సొమోనీలు బాకీ.
వంతెన మీది సంతలో
సగం డబ్బుకే కుక్కర్ చేతికిచ్చి
"మిగతాది వచ్చే శనివారం, దౌలత్‌మో అక్కా" అన్నాడు,
మా మాటలోనే.
పంజ్ నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా
ఒకటే మాట మాది, తిట్లతో సహా.

గురువారం రాత్రి
లారీ ట్యూబుల మీద ఎవరో నది దాటారు.
ఇసుకలో బంగారం కడిగే కంపెనీ గుడారాల మీద
పావుగంట కాల్చి
వచ్చిన నీళ్ళలోనే కలిసిపోయారు.
పోయినవాళ్ళు నలుగురు.
ముగ్గురు దూరదేశపు ఇంజనీర్లు,
రేడియో ఎంత పట్టి పట్టి పలికినా
వాళ్ళ పేర్లు మా చెవులకు అందలేదు.
నాలుగోవాడు వంటమనిషి నజర్‌షో,
పక్కింటి సావ్‌సన్ కొడుకు.
తెల్లారకముందే పనికి పోతూ ఈల వేసేవాడు.
ఆ ఈల విని నేను పొయ్యి రాజేసేదాన్ని.

రాజధానిలో రాయబారిని పిలిపించారు.
టీవీలో చూశాం:
ఒక చేతిలోంచి ఇంకో చేతికి ఒక కాగితం,
మధ్యలో ఎవరూ ముట్టని పిస్తాపప్పు పళ్ళెం.
'తీవ్రంగా ఖండిస్తున్నాం' అంది కాగితం.
'మా నేల మీంచి కాదు' అంది
మర్నాడు అటునుంచి వచ్చిన కాగితం.
మూడో దేశం విచారం వెలిబుచ్చింది.
నాలుగో దేశం ఇద్దర్నీ ఓర్పు వహించమంది.
ఓర్పు!
సావ్‌సన్ ఆ పూట కొడుకు బూట్లలో ఇసుక దులుపుతోంది.
ఎంత దులిపినా రాలుతూనే ఉంది.

వంతెన గేటు మూశారు.
తాళం వేసిన సిపాయి కుర్రాడు మా మేనమామ మనవడు.
తాళం మాత్రం అటా బేగ్‌ది.
పోయినేడు ఇదే సంతలో, నా ఎదుటే,
బేరమాడి పన్నెండు సొమోనీలకు అమ్మాడు.
తుప్పు పట్టదని ఒట్టేశాడు.
పట్టలేదు.

ఆరు శనివారాలు.
డబ్బు పిండి డబ్బా అడుగున ఉంది.
పొద్దు గూకే వేళ అవతలి గట్టున ఒక మనిషి నిలబడతాడు.
అటా బేగ్ కావచ్చు. కాకపోవచ్చు.
ఇంత దూరం నుంచి
అప్పిచ్చినవాడూ తుపాకీ ఎత్తినవాడూ
ఒకే పొడుగు.
చెయ్యి ఊపబోయి, వెనక సిపాయి ఉన్నాడని
తలగుడ్డ సర్దుకున్నాను.

"వాళ్ళ డబ్బు ఇంకా దాస్తున్నావా?" అంది సావ్‌సన్ ఒకనాడు.
జవాబు లేక
నీళ్ళ బిందె ఇటున్నది అటు పెట్టాను.

నిన్న నజర్‌షో పోయిన నలభయ్యో రోజు.
మేక ముసలిది, మాంసం గట్టిది.
కుక్కర్ కోసం సావ్‌సన్ తనే వచ్చింది.
బోర్లించి, అడుగున ఉన్న అటువైపు లిపి చూసింది.
గోడకేసి కొడుతుందనుకున్నాను.
తలగుడ్డ అంచుతో తుడిచి
"ఆ ఈల తీసేసి పెట్టు" అంది.

మధ్యాహ్నం దాకా
ఆవిరి తిన్నగా పైకి పోతూనే ఉంది.
మాంసం ఉడికిందో లేదో
మాలో ఎవరికీ తెలియలేదు.